మిల్ట్ జాక్సన్ ‘సన్‌ఫ్లవర్’ సోల్ జాజేనా? అందులో వైబ్రఫోన్ ఎక్కడుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: సోల్ జాజ్ అంటే ఏమిటో తెలియాలంటే మిల్ట్ జాక్సన్ ఆల్బం ‘సన్‌ఫ్లవర్’ వినమని ఎవరో చెబితే విన్నారు. అట్ట మీద పేరు వైబ్రఫోన్ వాయించే ఆయనది. మీ చెవిన పడిందేమో ఎక్కువగా ఫ్రెడ్డీ హబ్బర్డ్ ట్రంపెట్, వెనకాల సినిమా నేపథ్య సంగీతంలా వయొలిన్లు. ఇంత మెత్తగా సాగేదాన్ని సోల్ జాజ్ అనొచ్చా, లీడర్ వాయిద్యం ఇలా వెనక ఉండిపోయిందేమిటి, అసలు వైబ్రఫోన్ వినడం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని అడిగారు. కొన్నేళ్లు వీణ నేర్చుకున్నానని కూడా రాశారు. ఆ ఒక్క మాట వల్ల నా పని చాలా తేలికైంది.

ముందు సూటిగా జవాబు. అవును, అది సోల్ జాజే, అంటే గాస్పెల్ అనే చర్చి పాటల, బ్లూస్ వాసన ఉన్న జాజే. 1960ల మొదట్లో ఆర్గన్ పెట్టుకుని చిన్న క్లబ్బుల్లో వాయించిన ముతక రకం కాదు. 1970ల్లో స్టూడియోలో తీర్చిదిద్దిన రకం. ఇక వైబ్రఫోన్ వెనకేమీ లేదు. మీరు వాల్యూమ్‌లో వెతుకుతున్నారు, అది లయలోనూ నాదంలోనూ ఉంది. ఆల్బం మొత్తం మీద ఎవరూ తొందరపడకపోవడం, ఎవరూ అరవకపోవడం మిల్ట్ జాక్సన్ పెట్టిన పద్ధతే. ఇది చెవికి ఎలా దొరుకుతుందో వివరంగా చెబుతాను.

నా సంగతి రెండు మాటల్లో చెప్పాలి. నేను చాలాకాలం చెన్నై రికార్డింగ్ థియేటర్లలో వైబ్రఫోన్, గ్లాకెన్‌స్పీల్, జైలోఫోన్ వాయించాను. ఇప్పుడు హైదరాబాద్‌లో పిల్లలకు నేర్పుతున్నాను, పాత వాయిద్యాలు బాగుచేస్తుంటాను. కాబట్టి విమర్శకుడిలా కాకుండా వాయించేవాడిలా చెబుతాను.

వాయిద్యం ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం వినడం వచ్చినట్టే. వైబ్రఫోన్ మీద ఉండేవి అల్యూమినియం మిశ్రమంతో చేసిన పలకలు. మామూలు సైజులో 37 ఉంటాయి, మూడు స్థాయిలు. పియానో మెట్లలాగే రెండు వరసలు. ఒక్కో పలక కింద ఒక్కో గొట్టం వేలాడుతుంది. ఆ గొట్టం మూతి దగ్గర గుండ్రటి చిన్న బిళ్ల ఉంటుంది, వాటినే మేం ఫ్యాన్లు అంటాం. వరసలో ఉన్న ఫ్యాన్లన్నిటినీ ఒక ఇరుసు మీద గుచ్చి, చివర బెల్టు వేసి, చిన్న మోటారుతో తిప్పుతారు. ఫ్యాను నిలువుగా ఉన్నప్పుడు గొట్టం తెరుచుకుని శబ్దం నిండుగా వస్తుంది. అడ్డంగా పడుకున్నప్పుడు మూసుకుపోయి శబ్దం సన్నబడుతుంది. ఒక చుట్టు తిరిగేలోపు ఇలా రెండుసార్లు తెరుచుకుంటుంది. మీరు విన్న ఆ ‘వావ్... వావ్...’ అనే ఊపు అక్కణ్ణుంచే వస్తోంది. శ్రుతి ఏమీ మారదు, బిగ్గరతనం మాత్రమే పెరిగి తగ్గుతుంది. కింద పియానోకి ఉన్నట్టే పెడల్ ఉంటుంది. తొక్కితే స్వరం మోగుతూనే ఉంటుంది, వదిలితే తెగిపోతుంది.

ఆ మోటారు వేగం వాయించేవాడి చేతిలో ఉంటుంది. మిల్ట్ జాక్సన్ గురించి చెప్పుకోవాల్సిన మొదటి సంగతి అదే. ఆయనకు ముందు వైబ్రఫోన్‌ను జాజ్‌లోకి తెచ్చిన లయొనెల్ హాంప్టన్ ఫ్యాన్లను సెకనుకు 10 చుట్ల లెక్కన తిప్పేవాడని చెబుతారు. స్వరం గలగలమని వణుకుతూ వచ్చేది, డాన్సు బ్యాండ్ల హుషారుకి సరిగ్గా సరిపోయేది. మిల్ట్ దాన్ని సుమారు 3.3 చుట్లకు దించేశాడు. అంతే, వణుకు పోయి ఊపిరి వచ్చింది. ఒక పొడుగు స్వరం కొట్టి వదిలితే అది ఉబ్బుతుంది, తగ్గుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. మంచి గాయకుడు స్వరాన్ని పట్టుకుని నిలబెట్టినప్పుడు గొంతులో వచ్చే కదలిక ఇదే. నా దగ్గరకొచ్చే పిల్లలకు మొదటి వారమే ఒకే స్వరం మీద మోటారు వేగం మార్చి వినిపిస్తాను. ఒక కుర్రాడు మిల్ట్ సోలో ఒకటి స్వరం పొల్లుపోకుండా ఎత్తి రాసుకుని వచ్చి వాయించాడు. స్వరాలన్నీ సరిగ్గా ఉన్నాయి, అయినా అది మిల్ట్‌లా లేదు. మోటారు పూర్తి వేగంలో ఉంది. నాబ్ బాగా కిందికి తిప్పి మళ్లీ వాయించమన్నాను. రెండో వరసకే వాడి చేతులు వాటంతటవే నెమ్మదించాయి. మోటారు నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు స్వరాలు గుప్పించి కొడితే సగం స్వరాలు ఫ్యాను మూసుకున్న సమయంలో పడి మునిగిపోతాయి. అందుకని ఆ ఊపుతో పాటు మనం ఆగాల్సి వస్తుంది.

ఇప్పుడు మీ వీణ దగ్గరికి వస్తాను. వీణలో తీగ లాగి గమకం పలికిస్తారు, ఒక మెట్టు మీదే మూడు నాలుగు స్వరాలు తిరుగుతాయి. వైబ్రఫోన్‌లో అది అసాధ్యం. పలక కోసినప్పుడే స్వరం ఖాయమైపోయింది. సంతూర్ మీద శివకుమార్ శర్మ రాగం వాయించడం మొదలుపెట్టిన రోజుల్లో పండితులు లేవనెత్తిన అభ్యంతరం కూడా ఇదే, మీండ్, అంటే స్వరం నుంచి స్వరానికి జారడం, లేని వాయిద్యంలో రాగం ఎలా అని. మిల్ట్ బ్లూస్ మనిషి, అంటే నల్లజాతి అమెరికన్ల పాటల సంప్రదాయంలో తడిసినవాడు. బ్లూస్‌కి ప్రాణమే స్వరాల మధ్య జారడం, గాంధారాన్ని అటూ ఇటూ కాకుండా వంచడం. వంగని లోహం మీద వంపు ఎలా తెచ్చాడు? నేను ఏళ్ల తరబడి ఆయన రికార్డులు ఆపి ఆపి విని పట్టుకున్నవి కొన్ని చెబుతాను.

ఒకటి, అసలు స్వరానికి ముందు పక్క పలకను అతి మెల్లగా తాకి వెంటనే అసలు దాని మీదకి వస్తాడు. మీరు అనుస్వరం అంటారు చూడండి, దాదాపు అదే. మొదటి దెబ్బ వినపడీ వినపడనట్టు ఉంటుంది కాబట్టి చెవికి అది రెండు స్వరాల్లా కాక ఒక జారులా అందుతుంది. రెండు, ఒక వరసలో అన్ని స్వరాలనూ ఒకే బలంతో కొట్టడు. ఎనిమిది స్వరాలుంటే మూడు మాటలు, మిగతావి గొణుగుడు. మాట్లాడే మనిషి గొంతు అలాగే ఎత్తూ పల్లంగా ఉంటుంది. మూడు, పెడల్. కొత్తగా నేర్చుకునేవాళ్లు పెడల్ తొక్కి పట్టుకుంటారు, అన్ని స్వరాలూ ఒకదాని మీద ఒకటి మోగి అలుక్కుపోతాయి. మిల్ట్ వాక్యం మధ్యలో పెడల్‌ను కొద్దికొద్దిగా వదులుతూ, చివరి స్వరాన్ని మాత్రం నిండా మోగనిస్తాడు. నాలుగు, రెండే మ్యాలెట్లు, అంటే పలకలు కొట్టే పుల్లలు. గ్యారీ బర్టన్ లాంటివాళ్లు తర్వాత నాలుగు మ్యాలెట్లతో పియానోలా కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, వాయించారు, బర్టన్ అయితే మోటారు కూడా పక్కన పెట్టేశాడు. అది మరో గొప్ప దారి. మిల్ట్‌ది మాత్రం ఒకే గొంతు పాడుతున్న దారి.

ఈ గొంతు ఆయనకు ఎక్కడిది? 1923 జనవరి 1న డెట్రాయిట్‌లో పుట్టాడు. చర్చి సంగీతం మధ్య పెరిగాడు, చిన్నప్పుడే గిటార్, పియానో పట్టాడు, కుర్రతనంలో గాస్పెల్ పాడాడు. వైబ్రఫోన్ తర్వాత వచ్చింది. 1945లో డిజ్జీ గిలెస్పీ ఆయన్ను డెట్రాయిట్‌లో విని తన బ్యాండ్‌లోకి తీసుకున్నాడు. కాబట్టి బీబాప్ అనే వేగవంతమైన, లెక్కలతో నిండిన సంగీతాన్ని అది పుట్టిన చోటే నేర్చుకున్నాడు. అయినా కింద చర్చి పాట చెక్కుచెదరలేదు. మీరు ‘సన్‌ఫ్లవర్’లో వినాల్సింది ఆ కింది పొర.

అందుకే నాకు ‘సోల్ జాజేనా’ అనే ప్రశ్న ఆయన విషయంలో కొంచెం వెనకా ముందూ అయినట్టు అనిపిస్తుంది. 1950ల చివర్లో హోరెస్ సిల్వర్, ఆర్ట్ బ్లేకీ, బాబీ టిమన్స్, కానన్‌బాల్ అడర్లీ లాంటివాళ్లు జాజ్‌లోకి గాస్పెల్ కార్డులు, చప్పట్లకు అనువైన లయ, బ్లూస్ వాసన తిరిగి తెచ్చారు. జిమ్మీ స్మిత్ హామండ్ ఆర్గన్‌తో దానికి మరింత ఒత్తు ఇచ్చాడు. దాన్నే సోల్ జాజ్ అన్నారు. మిల్ట్ అప్పటికే అక్కడ ఉన్నాడు. 1957లో అట్లాంటిక్ కంపెనీకి చేసిన ‘ప్లెంటీ, ప్లెంటీ సోల్’, ఆ తర్వాత రే చార్ల్స్‌తో కలిసి చేసిన ‘సోల్ బ్రదర్స్’, ‘సోల్ మీటింగ్’ ఆయనవే. ‘సోల్ బ్రదర్స్’ మీరు తప్పకుండా వినాలి. అందులో మిల్ట్ ఒకచోట గిటార్ పట్టుకుంటాడు, రే చార్ల్స్ ఆల్టో శాక్సఫోన్ వాయిస్తాడు. నోటితో పాడింది ఒక్కటీ ఉండదు, అయినా ఇద్దరూ పాడుతున్నట్టే ఉంటుంది.

అదే సమయంలో ఆయన మోడర్న్ జాజ్ క్వార్టెట్‌లో సభ్యుడు. నలుగురూ సూట్లు వేసుకుని కచేరీ హాళ్లలో, బాఖ్ పోకడలున్న రచనలు వాయించేవాళ్లు. పియానో వాయించిన జాన్ లూయిస్ ఆ జట్టుకి రూపశిల్పి. లూయిస్ కట్టిన ఆ కొలతల మధ్య మిల్ట్ బ్లూస్ ప్రవహించడం వల్లే ఆ జట్టు అంత కాలం నిలిచిందని నా గట్టి నమ్మకం. ‘సన్‌ఫ్లవర్’ రికార్డు చేసే నాటికి ఆయన ఇంకా ఆ జట్టులోనే ఉన్నాడు, 1974లో గానీ బయటికి రాలేదు. అంటే ఇది ఒక క్రమశిక్షణ గల జట్టు నుంచి కొన్ని రోజులు పక్కకొచ్చి, తనకిష్టమైన మనుషులతో చేసిన పని.

ఇక ఆ మనుషులు. 1972 డిసెంబర్ 12, 13 తేదీల్లో, న్యూజెర్సీలో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్ అనే చోట రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డింగ్. ట్రంపెట్ ఫ్రెడ్డీ హబ్బర్డ్, పియానో హెర్బీ హాన్‌కాక్, బేస్ మీద రాన్ కార్టర్, డ్రమ్స్ మీద బిల్లీ కాబమ్, గిటార్ జే బర్లినర్, పెర్కషన్ రాల్ఫ్ మెక్‌డొనాల్డ్. స్ట్రింగ్స్, అంటే వయొలిన్ల లాంటి తీగ వాయిద్యాల భాగం, రాసింది డాన్ సెబెస్కీ. హాన్‌కాక్, కార్టర్ 1960ల్లో మైల్స్ డేవిస్ జట్టులో ఏళ్ల తరబడి కలిసి వాయించినవాళ్లు, హబ్బర్డ్ 1970లో చేసిన ‘రెడ్ క్లే’లోనూ ఇద్దరూ ఉన్నారు. ఒకరి ఊపిరి ఒకరికి తెలుసు. కాబమ్ సంగతి మరీ విశేషం. ఆ నెలల్లో ఆయన జాన్ మెక్‌లాఫ్లిన్ మహావిష్ణు ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ మీద పిడుగులు కురిపిస్తున్నాడు. అదే మనిషి ఇక్కడ వైబ్రఫోన్‌కి చోటు వదిలి ఎంత ఒద్దికగా వాయించాడో వినండి. వైబ్రఫోన్ పక్కన డ్రమ్స్ వాయించడం కష్టం, ఎందుకంటే తాళాల మోత, అంటే సింబల్స్ మోత, పలకల నాదం రెండూ ఒకే ఎత్తులో పోటీ పడతాయి. డ్రమ్మర్ కాస్త అటూ ఇటూ అయితే వైబ్రఫోన్ మునిగిపోతుంది. రికార్డింగ్ థియేటర్‌లో నేను ఈ ఇబ్బంది చాలాసార్లు పడ్డాను. స్కోరు పేపర్‌లో వైబ్రఫోన్‌కి చక్కటి బిట్టు ఉంటుంది, టేక్ విన్నాక ఆ బిట్టు సింబల్ కింద ఎక్కడో ఉంటుంది.

ఆల్బం తీసింది సీటీఐ కంపెనీ, అంటే క్రీడ్ టేలర్ కంపెనీ. వయొలిన్ల గురించి మీరు పడ్డ ఇబ్బందికి జవాబు ఇక్కడుంది. టేలర్ అంతకుముందు ఇంపల్స్ అనే లేబుల్ మొదలుపెట్టినవాడు, తర్వాత వెర్వ్ నడిపినవాడు. 1970 నుంచి సొంతంగా సీటీఐ నడిపాడు. రాక్, సోల్ పాటలు రేడియోను ఏలుతున్న రోజులవి, జాజ్ వినేవాళ్లు తగ్గిపోతున్నారు. ఆయన ఎంచుకున్న దారి ఇది: మొదటి శ్రేణి కళాకారుల్ని తీసుకో, జనానికి తెలిసిన పాట ఒకటో రెండో పెట్టు, సోలోలకు కావలసినంత సమయం ఇవ్వు, అంచుల్లో వయొలిన్లు, ఫ్లూట్లు అద్దు, నిగనిగలాడే అట్ట వెయ్యి. దీన్ని వ్యాపారం అని ఈసడించినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కొన్ని సీటీఐ రికార్డుల్లో స్ట్రింగ్స్ నిజంగానే ఎక్కువైపోయాయి, ఆ మాట ఒప్పుకోవాలి. ‘సన్‌ఫ్లవర్’లో మాత్రం సెబెస్కీ చెయ్యి తేలిగ్గా పడింది.

పాటల వారీగా చూద్దాం. నాలుగే ఉన్నాయి, మొదటిదీ చివరిదీ పది నిమిషాల పైమాటే.

మొదటిది ‘ఫర్ సమ్‌వన్ ఐ లవ్’, మిల్ట్ సొంత రచన. బర్లినర్ గిటార్ స్పానిష్ పోకడతో తెర తీస్తుంది. చాలామంది కొత్త శ్రోతలు ఇక్కడే తికమకపడతారు, ఇది జాజ్ అన్నారే అని. ఓపిక పట్టండి. రాన్ కార్టర్ బేస్ నడక అందుకున్నాక పాట నేల మీదకి దిగుతుంది, బ్లూస్ నడక మొదలవుతుంది. అక్కడ మీరు వైబ్రఫోన్ వెంట పోకుండా బేస్ వెంట పొండి. బేస్ మీద చెవి నిలిస్తే వైబ్రఫోన్ వాక్యాలు దాని మీద ఎక్కడ కూర్చుంటున్నాయో తెలుస్తుంది. మిల్ట్ దెబ్బకు సరిగ్గా మీద పడడు, ఒక వెంట్రుకవాసి వెనక పడతాడు. లయ తప్పినట్టు ఉండదు, నింపాదిగా ఉన్నట్టు ఉంటుంది. ఇది నేర్పితే వచ్చేది కాదు. నేను పిల్లలకు మెట్రోనోమ్ పెట్టి ఎన్నో విధాల ప్రయత్నిస్తాను, చివరికి వినీ వినీ పట్టుకున్నవాళ్లకే వస్తుంది.

రెండోది మిషెల్ లెగ్రాండ్ స్వరపరిచిన సినిమా పాట, ‘వాట్ ఆర్ యూ డూయింగ్ ద రెస్ట్ ఆఫ్ యువర్ లైఫ్?’. 1969లో వచ్చిన ‘ద హ్యాపీ ఎండింగ్’ సినిమాలోది. మీరు సినిమా నేపథ్య సంగీతంలా ఉందని రాసింది బహుశా దీన్ని గురించే. స్ట్రింగ్స్ బాగా వినిపించేది ఇందులోనే. నా అభిప్రాయంలో నాలుగింటిలో సోల్ జాజ్‌కి దూరంగా ఉన్నది ఇది. కానీ వైబ్రఫోన్ నాదం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచిది లేదు, ఎందుకంటే లయ నెమ్మది, పొడుగు స్వరాలు ఎక్కువ. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్క పొడుగు స్వరం ఎంచుకుని, దాని ఊపులు లెక్కపెట్టండి. ఇందాక చెప్పిన ఫ్యాన్ల కదలిక కళ్లకు కట్టినట్టు వినిపిస్తుంది.

మూడోది ‘పీపుల్ మేక్ ద వరల్డ్ గో రౌండ్’. ఫిలడెల్ఫియా సోల్ పాట, థామ్ బెల్, లిండా క్రీడ్ రాశారు, స్టైలిస్టిక్స్ అనే గాయక బృందం పాడింది. సింగిల్‌గా వచ్చింది ఈ ఆల్బం రికార్డు చేసిన 1972లోనే. అప్పటికప్పుడు రేడియోలో మోగుతున్న పాటను తీసుకుని జాజ్ జట్టు వాయించడమన్నమాట. సోల్ జాజ్ అంటే ఏమిటని ఎవరైనా ఒక్క పాట అడిగితే ఈ ఆల్బంలో దీన్నే చూపిస్తాను. లయ ఒకచోట స్థిరపడి కదలదు, దాని మీద ఎవరి మాట వాళ్లు చెప్పుకుంటారు. ముందు స్టైలిస్టిక్స్ పాడింది ఒకసారి వినండి, పల్లవి మనసులో పడ్డాక ఇది వినండి. గాయకుడి గొంతులోని విరుపుల్ని మిల్ట్ ఏవి ఉంచుకున్నాడు, ఏవి వదిలేశాడు అని చూడటం గొప్ప పాఠం.

నాలుగోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఆల్బం పేరు పెట్టుకున్న ‘సన్‌ఫ్లవర్’. రచన హబ్బర్డ్‌ది. 1960ల్లో ‘లిటిల్ సన్‌ఫ్లవర్’ పేరుతో తన ‘బ్యాక్‌లాష్’ ఆల్బంలో ఆయన మొదట వాయించిన పాటే ఇది. మీలాంటి కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఇది ఇట్టే పట్టుబడుతుంది, ఎందుకంటే పాట మొత్తానికి మూడే కార్డులు. మామూలుగా వాయించే శ్రుతిలో చెబుతాను. ముందు చాలాసేపు డి మైనర్. డి దగ్గర షడ్జం పెట్టుకోండి, వాడే స్వరాలు డోరియన్ అనే వరస, అంటే మన ఖరహరప్రియ స్వరాలే. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. వీణ మీద అది కూర్చుని ఆరోహణ అవరోహణలు వేసి, తర్వాత రికార్డు పెట్టండి. ఆ భాగం అయ్యాక పాట అరస్వరం పైకెక్కి ఈ-ఫ్లాట్ మేజర్ దగ్గర ఆగుతుంది, అంటే శుద్ధ రిషభం మీద ఒక కొత్త ఇల్లు. అక్కణ్ణుంచి వెంటనే డి మేజర్‌కి దిగుతుంది. షడ్జం మళ్లీ అదే, కానీ ఇప్పుడు గాంధారం అంతర గాంధారం అయిపోయింది, నిషాదం కాకలి నిషాదం. సాధారణ గాంధారం అంతసేపు విన్న చెవికి ఆ అంతర గాంధారం తగిలినప్పుడు వెలుగొచ్చినట్టుంటుంది. పాట అందమంతా ఆ మార్పులోనే ఉంది.

ఒక జాగ్రత్త. దీన్ని రాగంలా వినకండి. ఖరహరప్రియ అని చెప్పింది స్వరాలు గుర్తుపట్టడానికే. వాళ్లకు ఆ గాంధార నిషాదాల గమకం లేదు, జీవస్వరాల పట్టింపు లేదు, పక్క స్వరాలు బ్లూస్ కోసం ఎప్పుడు పడితే అప్పుడు దూరుతాయి. మనోధర్మానికి అక్కడున్న కొలతలు వేరు. నా విద్యార్థుల్లో కర్ణాటకం బాగా తెలిసిన పిల్లలు మొదట ‘అన్యస్వరం పడింది సార్’ అని ముఖం చిట్లిస్తారు. ఆ ‘అన్యస్వరం’ ఏ దెబ్బ మీద పడిందో, తర్వాత ఎక్కడికి వెళ్లి దిగిందో రాసుకురమ్మంటాను. రాసుకొచ్చాక అభ్యంతరం చెప్పినవాళ్లు లేరు.

ఇప్పుడు హబ్బర్డ్ ఎక్కువ వినిపించడం గురించి. అది నిజమే. హబ్బర్డ్ ట్రంపెట్, దాని చుట్టమే అయిన ఫ్లూగెల్‌హార్న్ ఏ గదిలోనైనా ముందుకొస్తాయి. ఇత్తడి గొట్టంలోంచి ఊది పంపే గాలి, ఉన్ని చుట్టిన మ్యాలెట్‌తో తాకే పలక, రెండూ బిగ్గరతనంలో ఎలా సమానమవుతాయి? పైగా ఆఖరి పాట ఆయన సొంతది. అయినా ‘ఫస్ట్ లైట్’ లాంటి ఆయన సొంత సీటీఐ రికార్డు ఒకటి విని మళ్లీ దీని దగ్గరికి రండి. అక్కడ ఎగిసి ఎగిసి వాయించే మనిషి ఇక్కడ మాట మాటకీ మధ్య గాలి వదులుతున్నాడు. ఆ గాలి మిల్ట్ కోసం. హాన్‌కాక్ కార్డులు కూడా అంతే, పియానో, వైబ్రఫోన్ రెండూ స్వరాలు కలిపి మోగించగల వాయిద్యాలు కాబట్టి ఒకే చోట ఇద్దరూ నింపితే గందరగోళం అవుతుంది. హాన్‌కాక్ ఎక్కడ వాయించకుండా ఊరుకున్నాడో వినండి. లీడర్ ఎవరో అక్కడ తెలుస్తుంది. (ఆసక్తి ఉంటుందని చెబుతున్నాను: 1920ల్లో వైబ్రఫోన్ తయారైన లీడీ కంపెనీ ఇండియానాపొలిస్‌లో ఉండేది. హబ్బర్డ్ పుట్టి పెరిగిన ఊరు కూడా అదే. మిల్ట్ వాయించింది మాత్రం షికాగోకి చెందిన డీగన్ కంపెనీ వాయిద్యం, దాన్ని వాళ్లు వైబ్రహార్ప్ అనేవాళ్లు.)

వినే పద్ధతి గురించి నా సలహా: వరస మార్చండి. మొదట మూడో పాట, తర్వాత నాలుగోది, ఆపైన మొదటిది, చివరగా రెండోది. ఫోన్ స్పీకర్‌లో వద్దు. వైబ్రఫోన్ కింది స్థాయి స్వరాలు ఫోన్‌లో చచ్చిపోతాయి, పైనున్న గలగల మాత్రమే మిగులుతుంది, అప్పుడు మీరన్నట్టే వాయిద్యం వెనక్కి పోతుంది. మామూలు హెడ్‌ఫోన్ అయినా చాలు. ఈక్వలైజర్‌లో బేస్ పెంచి ఉంటే దాన్ని మామూలు చేయండి, లేకపోతే రాన్ కార్టర్ మిగతావాళ్లని మింగేస్తాడు.

తర్వాత ఏం వినాలని మీరు అడగలేదు, అయినా వైబ్రఫోన్ లీడర్‌గా ఉన్న సోల్ జాజ్ మీద మీకు గురి కుదిరితే కొన్ని పేర్లు. ముతక రకం కావాలంటే జానీ లైటిల్. ఒహాయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ వాడు, ముందు డ్రమ్మర్, రే చార్ల్స్ దగ్గర కూడా వాయించాడు. వైబ్రఫోన్, ఆర్గన్, డ్రమ్స్ కలిసిన జట్టు ఆయనది. డ్రమ్మర్ చేతులు కాబట్టి దెబ్బలో పదును ఉంటుంది, మిల్ట్ నింపాదితనం ఉండదు. ఇద్దర్నీ పక్కపక్కన వింటే ఒకే వాయిద్యం ఎన్ని గొంతులు పోగలదో తెలుస్తుంది. బాబీ హచర్సన్ 1970లో హెరాల్డ్ లాండ్‌తో చేసిన ‘శాన్ ఫ్రాన్సిస్కో’ మరో దారి, ఫంక్ వైపు మొగ్గుతుంది. హచర్సన్ కుర్రతనంలో పాసడీనాలో ఒక రికార్డు షాపు ముందు నుంచి వెళ్తూ మిల్ట్ వాయించిన రికార్డు విని వైబ్రఫోన్ పట్టాడు. రాయ్ ఏయర్స్ ఇంకా ముందుకెళ్లి 1976లో ‘ఎవ్రీబడీ లవ్స్ ద సన్‌షైన్’ చేశాడు. అందులో పాటలు పాడతారు, సింథసైజర్ ఉంటుంది. దాన్ని సోల్ జాజ్ అనడం కన్నా జాజ్ ఫంక్ అనడం సబబు. మిల్ట్ సీటీఐకే ‘గుడ్‌బై’, ‘ఒలింగా’ అని మరో రెండు చేశాడు. మంచివే, కానీ ‘సన్‌ఫ్లవర్’లో జట్టు కుదిరినంతగా వాటిలో కుదరలేదనిపిస్తుంది నాకు.

చివరగా ఒక చిన్న వివరం. కొన్ని సీడీల్లో, స్ట్రీమింగ్‌లో ఈ ఆల్బంకి ఐదో పాటగా ‘ఎస్‌కేజే’ కనిపిస్తుంది. అది మొదటి ఎల్పీలో లేదు, తర్వాత చేర్చారు. మిల్ట్ బ్లూస్ రచన. 1961లో గిటారిస్టు వెస్ మంట్‌గమరీతో చేసిన ‘బ్యాగ్స్ మీట్స్ వెస్’లోనూ ఆయన అదే వాయించాడు. బ్యాగ్స్ అంటే మిల్ట్ ముద్దుపేరు. మీ దగ్గర ఐదో పాట ఉన్న కాపీ ఉంటే ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. 12 బార్ల (ఒక్కో బార్‌కి నాలుగు దెబ్బలు) బ్లూస్ వరసను చేత్తో తాళం వేసుకుంటూ లెక్కపెట్టుకోండి. మీకు తాళం అలవాటే కాబట్టి రెండో ఆవృత్తానికే పట్టుబడుతుంది. ఎక్కడైనా లెక్క తప్పితే ఏ నిమిషం దగ్గర తప్పిందో ఇక్కడే రాయండి, విని చెబుతాను.